రోటరీ గ్లోబల్ గ్రాంట్: డాలరుకు ఎనభై సెంట్లు కలుపుతుంది, బదులుగా ఏమడుగుతుంది?

రోటరీ క్లబ్బుల్లో ఇప్పటికీ చాలామంది గ్లోబల్ గ్రాంట్‌ని ‘మ్యాచింగ్ గ్రాంట్’ అనే పిలుస్తారు. ఆ పేరుతో 1965లో మొదలైన పథకం 2013తో ముగిసింది. ఆ ఏడాది జులై 1 నుంచి నడుస్తున్నది గ్లోబల్ గ్రాంట్. పేరు మాత్రమే మారిందనుకుని పాత లెక్కలతో దిగేవాళ్లు మొదటి మెట్టు మీదే జారిపడతారు. పాత పథకంలో ఒక ఊరికి బోరు వేయించడానికో, పదిమందికి కుట్టుమిషన్లు ఇవ్వడానికో అప్లికేషన్ పెడితే చెల్లేది. ఇప్పుడు ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. దానికి తక్కువైతే గ్లోబల్ గ్రాంట్ మాట మరిచిపోయి, రోటరీ జిల్లా (కొన్ని క్లబ్బులు కలిసిన విభాగం) చేతిలో ఉండే డిస్ట్రిక్ట్ గ్రాంట్ అడగడం మేలు.

రెండు దేశాల్లోని రోటరీ క్లబ్బులు గానీ జిల్లాలు గానీ చేతులు కలిపి, సగానికి పైగా డబ్బు తెస్తే, మిగతాది రోటరీ ఫౌండేషన్ తన వరల్డ్ ఫండ్ నుంచి కలుపుతుంది. పని జరిగే దేశంలో ఉన్నది హోస్ట్, బయటి దేశంలో ఉన్నది ఇంటర్నేషనల్ స్పాన్సర్. సేవా సంఘాలకు దొరికే విదేశీ నిధుల్లో దీనంత పద్ధతిగా నడిచేది, నిబంధనలు ముందే రాతపూర్వకంగా చేతికిచ్చేది అరుదు. అంత ఓపిక అడిగేది కూడా అరుదే.

ముందు డబ్బు లెక్క. క్లబ్ పెద్దలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఫౌండేషన్ మ్యాచ్ ఇచ్చేది డీడీఎఫ్‌కి మాత్రమే. డీడీఎఫ్ (డిస్ట్రిక్ట్ డెజిగ్నేటెడ్ ఫండ్) అంటే సభ్యులు యాన్యువల్ ఫండ్‌కి ఇచ్చిన విరాళాల్లో దాదాపు సగం, మూడేళ్ల తర్వాత వాళ్ల జిల్లా ఖాతాకి తిరిగొచ్చే మొత్తం. 2021 జూన్ దాకా దానికి నూటికి నూరు శాతం మ్యాచ్ ఉండేది. 2021 జులై 1 నుంచి 80 శాతం. క్లబ్బులు జేబులోంచి తెచ్చే నగదుకు ఒకప్పుడు సగం మ్యాచ్ ఉండేది, ఇప్పుడు సున్నా. పైగా నగదును ఫౌండేషన్ ద్వారా పంపితే ఖర్చుల కింద ఇంకో 5 శాతం అదనంగా కట్టాలి. ‘మేం రూపాయి పెడితే వాళ్లు రూపాయి పెడతారు’ అని ఊళ్లో మాటిచ్చేసిన క్లబ్ తర్వాత తలపట్టుకునేది ఈ రెండు మార్పులు తెలియకే.

40,000 డాలర్ల ప్రాజెక్టు తీసుకుందాం. హోస్ట్ జిల్లా డీడీఎఫ్ 8,000, విదేశీ జిల్లా డీడీఎఫ్ 10,000. ఈ 18,000కి వరల్డ్ ఫండ్ 14,400 కలుపుతుంది. మొత్తం 32,400. ఇంకా 7,600 కావాలి, అది రెండు క్లబ్బుల నగదు. హోస్ట్ క్లబ్ 5,000, విదేశీ క్లబ్ 2,600 అనుకుంటే, దాని మీద 5 శాతం, అంటే 380 డాలర్లు విడిగా కట్టాలి. ఆ 380 ప్రాజెక్టులోకి రాదు. నగదే అవసరం లేకుండా కనీస బడ్జెట్ దాటాలంటే రెండు జిల్లాల నుంచి కలిపి 16,667 డాలర్ల డీడీఎఫ్ దొరకాలి. అందుకే ఇంటర్నేషనల్ పార్ట్‌నర్ని వెతికేటప్పుడు ‘మీ క్లబ్ ఎంతిస్తుంది’ అన్నదానికంటే ‘మీ జిల్లాలో డీడీఎఫ్ ఎంత మిగిలింది, ఎవరిని అడగాలి’ అన్న ప్రశ్న ముందు రావాలి. ప్రాజెక్టు దేశం బయటి నుంచి రావాల్సిన కనీస వాటా ఇప్పుడు 15 శాతమే. పేరుకో పార్ట్‌నర్ని పెట్టుకుని ఆ గీత దాటేయొచ్చు. అలాంటి జోడీలు రిపోర్టు రాసే సమయానికి ఫోన్ ఎత్తవు.

పార్ట్‌నర్ని వెతకడం గురించి ఇంకో మాట. విశాఖ, గోదావరి వైపు క్లబ్బులకు జిల్లా 3020, హైదరాబాద్ వైపు 3150, రాయలసీమ వైపు 3160. ఈ మూడింటికీ అమెరికాలో తెలుగువాళ్లున్న క్లబ్బులతో చుట్టరికాలున్నాయి. అది మంచిదే, సగం దారి కలిసొస్తుంది. చిక్కు ఎక్కడంటే, అక్కడి తెలుగు సభ్యుడికి తన సొంతూరి బడికో, తన తాత పేరున్న ఆస్పత్రికో ఏదైనా చేయాలని ఉంటుంది. రొటేరియన్లు, వాళ్ల దగ్గరి బంధువులు లబ్ధిదారులు కాకూడదు. సామాను అమ్మే డీలరు క్లబ్ సభ్యుడో, సభ్యుడి బావమరిదో అయితే ఆ సంగతి ముందే రాసివ్వాలి. దాచిపెడితే అప్లికేషన్ దశలో బయటపడకపోవచ్చు, ఆడిట్‌లో మాత్రం బయటపడుతుంది.

ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టే గ్రాంట్ సెంటర్‌లో లాగిన్ అవ్వకముందే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, క్లబ్ క్వాలిఫై అయిందా అన్నది. ఏటా జిల్లా పెట్టే గ్రాంట్ మేనేజ్‌మెంట్ సెమినార్‌కి మనిషిని పంపి, క్లబ్ ఎంఓయూ (ఒప్పంద పత్రం) మీద ప్రెసిడెంట్, ప్రెసిడెంట్ ఎలెక్ట్ (వచ్చే ఏటి ప్రెసిడెంట్) సంతకాలు పెట్టి జిల్లాకి ఇవ్వాలి. నిరుడు చేశాం కదా అంటే కుదరదు. పాత గ్రాంట్ రిపోర్టు బాకీ ఉంటే కొత్త అప్లికేషన్‌కి దారి మూసుకుపోయినట్టే.

రెండోది కమ్యూనిటీ అసెస్‌మెంట్. ఫారం మొత్తంలో అసలైన పరీక్ష ఇదే, అందరూ కాపీ కొట్టేదీ ఇదే. హ్యుమానిటేరియన్ ప్రాజెక్టులకు ఇది తప్పనిసరి, ఫలితాల ఫారం విడిగా జతచేయాలి. ఊరి సభ, సర్వే, ముఖాముఖి, చిన్న గుంపులతో చర్చ, ఊళ్లో ఇప్పటికే ఏమున్నాయో లెక్క తీయడం, జనం చేత ఊరి పటం గీయించడం అని ఫౌండేషనే ఆరు పద్ధతులు చెబుతుంది. కనీసం రెండు చేస్తే గానీ మాటకి బలం రాదు. చాలా అప్లికేషన్లలో కనిపించే వాక్యం: ‘ప్రధానోపాధ్యాయుడు టాయిలెట్లు కావాలని లేఖ ఇచ్చారు.’ లేఖ అసెస్‌మెంట్ కాదు. ఎంతమంది ఆడపిల్లలు, ఇప్పుడున్న మరుగుదొడ్లు ఎన్ని, వాటిలో ఎన్ని వాడకంలో ఉన్నాయి, మూలపడ్డవి ఎందుకు పడ్డాయి, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, ఎవరు కడుగుతారు, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, ఇవన్నీ కావాలి. పాత మరుగుదొడ్డి నీళ్లు లేక మూతపడితే, కొత్తది కూడా అదే దారిన పోతుందని చదివే అధికారికి వెంటనే తెలుస్తుంది. అసెస్‌మెంట్ ఖర్చుకు డిస్ట్రిక్ట్ గ్రాంట్ డబ్బు వాడుకోవచ్చు. ఈ సంగతి ఎంతమంది క్లబ్ సెక్రటరీలకు తెలుసో అనుమానమే.

పని కూడా ఫౌండేషన్ చెప్పే ఏడు రంగాల్లో ఒకదాని కిందికి రావాలి: శాంతి స్థాపన, రోగ నివారణ చికిత్స, నీరు పారిశుధ్యం పరిశుభ్రత, తల్లీబిడ్డల ఆరోగ్యం, ప్రాథమిక విద్య అక్షరాస్యత, ఆర్థికాభివృద్ధి, పర్యావరణం. చివరిదానికి 2021 జులై నుంచే అప్లికేషన్లు తీసుకుంటున్నారు. మూడు రంగాలు టిక్ పెడితే మార్కులు ఎక్కువొస్తాయనుకోవడం భ్రమ. టిక్ పెట్టిన ప్రతి రంగానికీ ఫలితాల కొలతలు విడిగా చూపించాలి.

ఇక ‘సస్టెయినబిలిటీ’. గ్రాంట్ డబ్బు అయిపోయాక పని ఎలా నిలబడుతుందని అడిగే పేజీ. మన వైపు ఎక్కువగా అడిగే డయాలసిస్ యూనిట్‌నే ఉదాహరణగా చూస్తే ఈ గ్రాంట్ తత్వం అర్థమవుతుంది. నాలుగు మెషీన్లు, ఒక ఆర్వో ప్లాంటు, నాలుగు బెడ్లు, ఫొటో, ప్రారంభోత్సవం అనుకుంటారు. ఒక సెషన్‌లో మెషీన్ నిమిషానికి 500 మిల్లీలీటర్ల డయాలిసేట్ (డయాలసిస్ ద్రవం) వాడుతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు. నాలుగు మెషీన్లు రోజుకి మూడేసి షిఫ్టులు నడిస్తే 1,440 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆర్వో ప్లాంటు వదిలేసే నీటిని కలుపుకుంటే బోరు నుంచి దాదాపు రెట్టింపు లాగాలి. ఎండాకాలంలో ఆ బోరు పరిస్థితేమిటి? కరెంటు పోతే జనరేటర్ డీజిల్ ఎవరు పోస్తారు? డయలైజర్లు, రక్తపు ట్యూబింగ్, హెపారిన్ నెలనెలా కొనాల్సినవి. వేరే సంస్థ రోజువారీ ఖర్చులు గ్రాంట్ భరించదు. మెషీన్లకు వారంటీ అయిపోయాక విడిభాగాలతో సహా వార్షిక నిర్వహణ ఒప్పందం ఎవరి పేరున ఉంటుంది? టెక్నీషియన్ మానేస్తే?

వీటికి జవాబులు ఆస్పత్రి నుంచి రాతపూర్వకంగా, ప్రాజెక్టులో చేయి కలిపే సంస్థగా రాసిచ్చే ఎంఓయూలో రావాలి. ‘ఆస్పత్రి యాజమాన్యం చూసుకుంటుంది’ అని ఒక్క ముక్క రాసిన అప్లికేషన్ వెనక్కొస్తుంది, రావాలి కూడా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగుల కష్టం ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అలాంటి చోట కూడా ప్రభుత్వ కేంద్రం ఎంత దూరంలో ఉంది, అక్కడ ఖాళీ దొరక్క ఎంతమంది ఆగుతున్నారు అన్న లెక్క ఉంటేనే కొత్త మెషీన్లు అవసరమని తేలుతుంది.

కొలతల పేజీలో ఇంకో రోగం ఉంది, సంఖ్యలు పెంచేయడం. నాలుగు మెషీన్లు, మూడు షిఫ్టులు, నెలకి 26 రోజులు అంటే 312 సెషన్లు. వారానికి మూడుసార్లు వచ్చే రోగులైతే 24 మంది, రెండుసార్లే వచ్చేవాళ్లైతే 36 మంది. ఇదీ నిజమైన లబ్ధిదారుల సంఖ్య. దీన్ని ‘ఏటా 5,000 మంది’ అని రాసేవాళ్లు సెషన్లనీ మనుషులనీ కలిపేస్తారు. రాసిన అంకెతోనే తుది రిపోర్టులో పోలుస్తారు కాబట్టి, 36 రాసి 33 చూపించిన క్లబ్‌కి గౌరవం దక్కుతుంది, 5,000 రాసినవాళ్లకి ప్రశ్నలు దక్కుతాయి.

ఇవ్వనివాటి పట్టీ ముందే గోడకి అతికించుకోవాలి. స్థలం కొనడానికి లేదు. మనుషులు ఉండే, పనిచేసే, చదువుకునే కొత్త భవనాలు కట్టడానికి లేదు, అంటే బడి గది, ఆస్పత్రి వార్డు, అనాథాశ్రమం ఏదీ కుదరదు. బావి, నీటి పైపులైను, మరుగుదొడ్ల బ్లాక్, చిన్న చెక్‌డ్యామ్ లాంటివి కుదురుతాయి. ఉన్న భవనానికి మరమ్మతులు చేసుకోవచ్చు. వేరే సంస్థకి ‘మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండి’ అని నగదు ఇవ్వడం కుదరదు. అన్నిటికంటే ముఖ్యం: ఇప్పటికే మొదలైన పనికీ, పూర్తయిన పనికీ డబ్బు రాదు. అప్రూవల్ రాకముందే రోటరీ జిల్లా గవర్నర్ పర్యటన ఉందని శంకుస్థాపన చేసి, ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టిన క్లబ్బులు చేజేతులా గ్రాంట్ పోగొట్టుకుంటాయి. సామానుకి అడ్వాన్స్ ఇవ్వడం కూడా మొదలుపెట్టినట్టే.

ఆన్‌లైన్ ఫారం నిజానికి బాగానే కట్టారు. ప్రాజెక్టు పేరు, రెండు వైపులా ముగ్గురేసి సభ్యుల కమిటీ, పని వివరం, రంగం, కొలతలు, స్థలం తేదీలు, పాల్గొనేవాళ్లు, బడ్జెట్, నిధులు, సస్టెయినబిలిటీ, చివర్లో సంతకాలు. ఒక పేజీ వదిలి ఇంకో పేజీకి వెళ్లొచ్చు, సేవ్ చేసి మర్నాడు రావొచ్చు. విసిగించేది చివరి భాగం. రెండు వైపుల ప్రైమరీ కాంటాక్టులు, రెండు జిల్లాల ఫౌండేషన్ ఛైర్‌లు, అందరూ తమ తమ లాగిన్‌తో వచ్చి ఆమోదం నొక్కాలి. డీడీఎఫ్ ఇచ్చే ప్రతి జిల్లా నుంచీ విడిగా ఆమోదం కావాలి. నాలుగు జిల్లాల నుంచి తలా 2,000 పోగేసిన అప్లికేషన్‌లో ఎవరో ఒకరు పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారు, ఇంకొకరి పదవీకాలం జూన్ 30తో ముగిసిపోతుంది. రోటరీ ఏడాది జులై 1కి మొదలవుతుంది కాబట్టి మే, జూన్ నెలల్లో సంతకాల కోసం బయల్దేరకపోవడం మంచిది. తక్కువమంది దాతలు, పెద్ద మొత్తాలు, అదీ సూత్రం.

అప్లికేషన్‌కి ఏడాదంతా తలుపు తెరిచే ఉంటుంది, ఫలానా తేదీ అని గడువు లేదు. ఫౌండేషన్ అధికారి ప్రశ్నలు పంపుతారు. వాటికి విడివిడిగా, అంకె వేసి, పత్రం జతచేసి జవాబిస్తే పని సాగుతుంది. ‘పైన చెప్పాం కదా’ అని రాస్తే ఇంకో రౌండ్. మొత్తం పెద్దదైతే ఆ రంగం తెలిసిన రొటేరియన్ నిపుణుల బృందం, కాడర్ అంటారు, కాగితాలు పరిశీలిస్తుంది, అవసరమైతే స్థలానికి వస్తుంది. వరల్డ్ ఫండ్ నుంచి అత్యధికంగా వచ్చేది 4 లక్షల డాలర్లు. మొదటిసారి అప్లై చేసే క్లబ్ అంత దూరం ఆలోచించకుండా 35,000, 50,000 మధ్య ఉండటం తెలివైన పని.

బడ్జెట్ దగ్గర పొరపాట్లు చిన్నవే, నొప్పి పెద్దది. పెద్ద కొనుగోళ్లకి కనీసం మూడు కొటేషన్లు కావాలి. మూడూ ఒకే డీలరు టైప్ చేయించినట్టు ఒకే ఫాంట్‌లో, ఒకే అక్షర దోషంతో ఉంటే చూసేవాళ్లకి నవ్వొస్తుంది. కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, బిగింపు, శిక్షణ అన్నీ కలిసున్నాయో లేదో చూడాలి. ‘పన్నులు అదనం’ అన్న చిన్న అక్షరాల లైను ప్రాజెక్టు మధ్యలో లక్షల్లో తేలుతుంది. డాలర్-రూపాయి మారకానికి బ్యాంకు రేటు కాదు, రోటరీ నెలనెలా ప్రకటించే రేటు వాడాలి. అప్లికేషన్‌కీ డబ్బు చేతికొచ్చే రోజుకీ నెలలు గడుస్తాయి కాబట్టి ఊహించని ఖర్చుల కింద కొంత పెట్టుకోవడం తప్పు కాదు. శిక్షణకి సున్నా పెట్టిన బడ్జెట్ మాత్రం సామాను పంపిణీ పథకంలా కనిపిస్తుంది, అలాంటివాటికి ఫౌండేషన్ మొగ్గు చూపదు.

అప్రూవల్ వచ్చేదాకా నగదు పంపొద్దు. ఫౌండేషన్‌కి చేరిన విరాళం వెనక్కి రాదు. అప్రూవల్ వచ్చాక మన దేశపు నగదు రోటరీ ఫౌండేషన్ ఇండియాకి వెళ్లాలి. అప్రూవ్ అయిన గ్లోబల్ గ్రాంట్‌కి కట్టిన డబ్బు పాల్ హ్యారిస్ ఫెలో (వెయ్యి డాలర్లిచ్చిన దాతలకి రోటరీ ఇచ్చే గౌరవం) గుర్తింపులోకి లెక్కకొస్తుంది. నిధుల సేకరణలో ఆ వెయ్యి డాలర్ల పిన్ను చేసినంత పని ఏ ఉపన్యాసమూ చేయదు. అమెరికా క్లబ్ మిత్రులు ‘అన్నా, డైరెక్టుగా మీ అకౌంట్‌కి వేసేస్తాం, 5 శాతం మిగులుతుంది’ అంటారు. వద్దు. మన దగ్గర విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది. నమోదు లేని క్లబ్ విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత నమోదున్న సంస్థ కూడా ఒకసారి అందుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకి బదిలీ చేయకూడదు. మిగిలే 5 శాతం కోసం ఆ చిక్కులో పడటం పిచ్చి పని.

బ్యాంకు ఖాతా విడిగా, ఈ ఒక్క గ్రాంట్ కోసమే తెరవాలి. ఇద్దరు రొటేరియన్ల సంతకాలు ఉండాలి. క్లబ్ పాన్, తీర్మానం, పదవుల్లో ఉన్నవాళ్ల కేవైసీ కాగితాలు అప్లికేషన్ రాస్తున్నప్పుడే సిద్ధం చేసుకోకపోతే, డబ్బు అక్కడ, బ్యాంకు ఇక్కడ, మధ్యలో ఆరు నెలలు. అప్రూవ్ అయిన గ్రాంట్‌కి ఆరు నెలల్లోగా చెల్లింపు షరతులన్నీ తీరకపోతే రద్దయ్యే ప్రమాదం ఉంది. చెల్లింపులన్నీ చెక్కుతోనో ట్రాన్స్‌ఫర్‌తోనో జరగాలి. మేస్త్రీకి నగదు ఇచ్చి ఓచరు మీద వేలిముద్ర వేయించిన బిల్లుకు తర్వాత సంజాయిషీ రాయడం కష్టం. ఖాతాలో వడ్డీ పడితే అదీ ప్రాజెక్టుకే వాడాలి, లేదా తిరిగివ్వాలి.

డబ్బొచ్చిన 12 నెలల్లోగా మొదటి ప్రోగ్రెస్ రిపోర్టు, ఆపైన ఏటా ఒకటి, పని పూర్తయిన రెండు నెలల్లో తుది రిపోర్టు. ఇక్కడ ఈ పథకం బలహీనత క్లబ్బుల వైపే ఉంటుంది. ప్రెసిడెంట్ ఏడాదికి మారతాడు, ప్రాజెక్టు రెండు మూడేళ్లు నడుస్తుంది. ప్రైమరీ కాంటాక్టుగా ఈ ఏటి ప్రెసిడెంట్‌ని కాక, మరో మూడేళ్లు ఊళ్లోనే ఉండే, ఎక్సెల్ షీటు తెరవగలిగే ఒక శాంతస్వభావుణ్ని పెట్టుకోవాలి. బిల్లులు, స్టేట్‌మెంట్లు, కొటేషన్లు కనీసం అయిదేళ్లు భద్రపరచాలి. ఎవరింటి బీరువాలోనో కాకుండా, రెండు క్లబ్బులూ తెరవగల ఆన్‌లైన్ ఫోల్డర్‌లో ఉంచితే ఇల్లు మారినప్పుడు పోవు.

ఇంత బరువు మోయలేమనుకుంటే లయన్స్ ఫౌండేషన్ మ్యాచింగ్ గ్రాంట్ చూడొచ్చు. అది 10,000 డాలర్ల నుంచి 1 లక్ష డాలర్ల దాకా. విదేశీ జోడీ తప్పనిసరి కాదు, కొంత డబ్బు స్థానికంగా చూపించాలి. అప్లై చేసేది క్లబ్ కాదు, లయన్స్ జిల్లా. బోర్డు సమావేశాలకు ముందు గడువు తేదీలుంటాయి, వాటిని దాటితే తర్వాతి సమావేశం దాకా ఆగాలి. భవనం కట్టాలనో, విదేశీ క్లబ్ దొరకలేదనో రోటరీ దారి మూసుకుపోయినప్పుడు ముందు ఆ నిబంధనల పుస్తకం తెరిచి చూడండి. ఊళ్లో రెండు సంఘాల్లోనూ తెలిసినవాళ్లున్న మనిషి ఒకడుంటే ఇంకా తేలిక.